బొమ్మలేస్తే బువ్వొస్తదా?

పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు ఒక తల్లి బడికి వచ్చింది. చేతిలో కొడుకు మార్కుల కాగితం. కొడుకు ఆమె వెనకాల తల వంచుకుని నిలబడ్డాడు. లెక్కల్లో వాడు అంతంత మాత్రం. ఇంగ్లీషులో ఎట్లనో గట్టెక్కాడు. కానీ బొగ్గుముక్క దొరికితే చాలు, గోడ మీద ఎద్దును లేపి నిలబెడతాడు. వాళ్ల తాత చెప్పులు కుట్టిన మనిషి, డప్పు కట్టిన మనిషి.

"సారూ, వీడు బొమ్మల కాలేజీకి పోతనంటున్నడు. మీరే చెప్పాలె. బొమ్మలేస్తే బువ్వొస్తదా?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. "ఆలోచించి చెప్తా చెల్లె" అని పంపించాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. నెలజీతమే మనల్ని వాడ నుంచి, వెట్టి నుంచి బయటపడేసిందని నమ్మినవాణ్ని. ఇరవై ఏళ్లుగా మన పిల్లలకు ఐ.టి.ఐ. చెప్పాను, నర్సింగు చెప్పాను, టీచర్ ట్రైనింగు చెప్పాను, పోలీసు సెలక్షన్లు చెప్పాను. బొమ్మలు వెయ్యమని ఒక్క పిల్లగాడికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అని ఆ రాత్రి నన్ను నేనే అడుక్కున్నాను. ఈ నాలుగు మాటలు ఆ తల్లికి నేను బాకీ పడ్డ జవాబు. అట్లాంటి తల్లులు మన వాడల్లో ఇంకా ఉన్నారు గనుక అందరి ముందూ చెబుతున్నాను.

ఢిల్లీలో బొమ్మల అంగడి

మా పాత విద్యార్థి ఒకడు ఢిల్లీలో సామాన్లు మోసే పని చేస్తాడు. 2025 ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. "సార్, ఓఖ్లాల పెద్ద పెద్ద చెక్కపెట్టెలు దించే పని దొరికింది. ఒక్కో పెట్టెను ఐదుగురం మోస్తున్నం. గీత పడితే జన్మంత కూలిచేసినా తీరదని బెదిరిస్తున్నరు. లోపల ఏమున్నదా అని చూస్తే మనింట్ల ఉండే సామాన్లసొంటివి కూడా ఉన్నయి. లైట్లేసి నిలబెట్టిన్రు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు వెనక ప్రశ్న ఉంది.

వాడు చెప్పింది ఇండియా ఆర్ట్ ఫెయిర్ సంగతి. ఆర్ట్ ఫెయిర్ అంటే మన మాటలో బొమ్మల అంగడి. ఇది 2008లో ఢిల్లీ ప్రగతి మైదానంలో వేరే పేరుతో మొదలైంది. తర్వాత ఓఖ్లాలోని ఎన్.ఎస్.ఐ.సి. మైదానానికి మారింది. 2025లో జరిగింది 16వది. నూట ఇరవై దాకా సంస్థలు అందులో దుకాణాలు పెట్టాయి. స్విట్జర్లాండులోని బాజెల్ పట్నంలో 1970లో మొదలైన అంగడి వీటన్నిటికీ పెద్దన్న. అది 2013లో హాంకాంగులో కూడా అంగడి పెట్టింది. దుబాయిలో 2007 నుంచి, సియోల్‌లో 2022 నుంచి, సింగపూర్‌లో 2023 నుంచి ఇట్లాంటివే నడుస్తున్నాయి. అంటే ఆసియా దేశాల కళాకారుల పని ఆసియాలోనే కొనీ అమ్మే అంగళ్లు ఈ ఇరవై ఏళ్లలో బలంగా లేచినయి. ఆసియాలో డబ్బున్నవాళ్లు పెరిగారు గనుక అంగళ్లు పెరిగాయి. ఇందులో పెద్ద మర్మం ఏమీ లేదు.

మన వారం అంగడికీ దీనికీ తేడా ఏమిటి? మన అంగట్లో వంకాయలు పండించినామె వంకాయల కుప్ప వెనకాలే కూర్చుంటుంది. అక్కడ బొమ్మ వేసినవాడు కూర్చోడు. గ్యాలరీ అనే దుకాణం వాళ్లు కూర్చుంటారు. జాగా కిరాయి వాళ్లే కడతారు, బొమ్మల రవాణా వాళ్లే చూస్తారు, కొనేవాళ్లను వాళ్లే తెస్తారు. అమ్ముడుపోతే సాధారణంగా సగం సొమ్ము వాళ్లది, సగం బొమ్మ వేసినవాడిది. చాలా దుకాణాల్లో ధర గోడ మీద రాయరు. అడిగే ధైర్యం ఉన్నవాడికే చెబుతారు. మొదట పిలుపు అందిన పెద్దమనుషులు వచ్చి మంచివి ఏరుకుంటారు. తర్వాత టిక్కెట్టు కొన్న మామూలు జనం వస్తారు. అప్పటికి కొన్ని బొమ్మల పక్కన ఎర్రచుక్క అంటించి ఉంటుంది. అమ్ముడైపోయిందని దాని అర్థం.

అరటిపండు చెప్పిన నిజం

ఈ అంగళ్ల గుట్టు ఒక అరటిపండు విప్పి చెప్పింది. 2019 డిసెంబరులో అమెరికాలోని మయామీ బీచిలో అదే బాజెల్ వాళ్ల అంగడిలో మౌరీజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడు ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించాడు. లక్షా ఇరవై వేల డాలర్లకు అమ్ముడుపోయింది. పండు కుళ్లితే ఇంకో పండు అంటించుకోవచ్చు. కొన్నవాడికి దక్కేది ఒక కాగితం. 2024 నవంబరులో న్యూయార్కు వేలంలో దాని రేటు 62 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో యాభై కోట్లు దాటింది. కొన్నవాడు చైనాలో పుట్టిన వ్యాపారి జస్టిన్ సన్. హాంకాంగులో పదిమందిని పిలిచి, పండు ఒలుచుకుని తినేశాడు.

మరి ఆ వేలానికి పెట్టిన పండు ఎక్కడిది? వేలం ఇంటికి దగ్గర్లో ఒక బండి మీద కొన్నారు. ఖరీదు 35 సెంట్లు. అమ్మింది ఎవరు? బంగ్లాదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని పోయి, ఆ బండి దగ్గర గంటల లెక్కన కూలికి నిలబడ్డ ఒక ముసలాయన. తాను అమ్మిన పండు ఎంతకు పోయిందో ఒక పత్రికాయన చెబితే ఆ పెద్దమనిషి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

పిచ్చోళ్లు అని మనం నవ్వి ఊరుకోవచ్చు. నవ్వొద్దు, ఆలోచించాలి. పండు అదే. బండి మీద 35 సెంట్లు, గోడ మీద యాభై కోట్లు. మధ్యలో వచ్చి చేరింది ఏమిటి? పేరు. ఆ అంగట్లో అమ్ముడుపోయేది వస్తువు కాదు, పేరు. ఎవరు చేశారు, ఎవరు మెచ్చారు, ఎవరింట్లో ఉండి వచ్చింది అనేదే సరుకు.

ఇక్కడే మన కథ మొదలవుతుంది. ఎందుకంటే ఈ దేశంలో మన చేతి నుంచి పని తీసుకుని, పని మీంచి పేరు తుడిచేసిన యంత్రం ఒకటుంది. దాని పేరు కులం.

చేతులెవరివి, పేరెవరిది?

తంగేడు చెక్క కొట్టి, లందలో తోలు ఊనబెట్టి, వాసన భరించి, దాన్ని చెప్పుగా, డప్పుగా, మోటబొక్కెనగా మార్చింది మన తాతలు. ఎండకు ఎంత ఎండితే డప్పు ఎట్లా పలుకుతుందో వాళ్ల చెవికి తెలుసు. అది శాస్త్రం, అది కళ. కానీ ఊరు దాన్ని ఏమంది? కులపని అన్నది. కులపనికి పేరుండదు. 'మాదిగోడు కుట్టిండు' అంటారు గానీ ఫలానా మనిషి కుట్టిండు అనరు. కుండ చేసిన చేతికి, చాప అల్లిన చేతికి, మగ్గం నేసిన చేతికి, ఇనుము సాగగొట్టిన చేతికి అదే గతి. గుడి గోపురం మీద కట్టించిన రాజు పేరు చెక్కారు. రాయి మోసినవాడి పేరు ఏ రాతి మీద ఉంది?

నా సొంత సంగతి ఒకటి చెబుతాను. ఏడో తరగతిలో ఉండగా బడికి తనిఖీ వస్తుందన్నారు. గోడ మీద భారతదేశ పటం వెయ్యమని నాకు చెప్పారు. మూడు రోజులు నిచ్చెన మీద నిలబడి నదులూ కొండలూ రంగులతో వేశాను. తనిఖీకొచ్చినాయన మెచ్చుకుని ఎవరు వేశారని అడిగాడు. మా పంతులు ముందు బెంచీలోని పెద్దింటి పిల్లవాణ్ని లేపి నిలబెట్టాడు. ఆ పిల్లవాడు నిచ్చెన పట్టుకోను కూడా లేదు. నేను వెనక బెంచీలో కూర్చుని, నా గోళ్లలో ఇరుక్కున్న నీలం రంగు చూసుకున్నాను. ఆ తర్వాత నేను బొమ్మ వెయ్యలేదు. నా విద్యార్థులకు బొమ్మలు వెయ్యమని ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తున్నది.

ఇది మన ఊరి బాగోతమే అనుకోకండి. చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ 2010లో లండన్ టేట్ మోడర్న్‌లో పింగాణీతో చేసిన పదికోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. లోకం నోరు తెరిచి చూసింది. ఒక్కో గింజనూ చేత్తో చేసి, చేత్తో గీతలు దిద్దింది చైనాలోని జింగ్‌డెజన్ పట్నంలో పదహారు వందల మంది పనివాళ్లు. మరుసటి ఏడాది ఆ గింజల్లో వంద కిలోలు లండన్ వేలంలో సుమారు మూడున్నర లక్షల పౌండ్లకు పోయాయి. ఐ వెయ్‌వెయ్ మంచి మనిషే. తన ప్రభుత్వాన్ని ఎదిరించి 2011లో 81 రోజులు నిర్బంధంలో ఉన్నాడు. పనివాళ్లు చేశారని తానే చెప్పాడు, దాచలేదు. అయినా గోడ మీద పేరు ఒక్కటే. మంచి మనిషి దగ్గర కూడా అంగడి సూత్రం అదే.

మన దేశంలో సుబోధ్ గుప్తా ఉన్నాడు. బీహార్‌లోని ఖగౌల్ రైల్వే ఊరి నుంచి వచ్చినవాడు. స్టీలు గిన్నెలు, చెంబులు, బకెట్లు పేర్చి 2006లో పెద్ద పుర్రె చేశాడు. ఫ్రాన్సు కోటీశ్వరుడు ఫ్రాన్స్వా పినో దాన్ని కొని, వెనిస్‌లో కాలువ ఒడ్డున తన మ్యూజియం ముందు నిలబెట్టాడు. ఆకలికి గుర్తుగా ఖాళీ గిన్నెలు! ఆలోచన గొప్పదే, కాదనను. కానీ ఆ గిన్నెలు తోమిన చేతులు ఎవరివి? ఆ గిన్నెకూ హోటల్లో మనకు వేరుగా పెట్టిన గ్లాసుకూ ఉన్న చుట్టరికం వెనిస్‌లో ఎవరికి తెలుసు?

హుసేన్ వేసిన 'గ్రామ యాత్ర' అనే బొమ్మ 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో 118 కోట్లకు పోయింది. 1954లో వేసిన బొమ్మ, పద్నాలుగడుగుల దాకా పొడుగు. అందులో ఉన్నది మన పల్లె బతుకు: దున్నేవాళ్లు, దంచేవాళ్లు, బండ్లు. హుసేన్ మీద మనకు కోపం లేదు. సినిమా బోర్డులకు రంగులేసి బతికిన మనిషి. మతోన్మాదులు తరిమితే పరాయి దేశంలో పోయినవాడు. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. పల్లె బొమ్మకు 118 కోట్లు, పల్లెలో దంచేదానికి, దున్నేవాడికి మాత్రం ఆ పల్లె బతుకుదెరువు చూపదు.

లోపలికి పోయినవాళ్లు

మనవాళ్లు లోపలికి పోనే లేదా? పోయారు. ఎట్లా పోయారో చూడాలి.

భోపాల్‌లో భారత్ భవన్ కట్టేటప్పుడు ఇటుకలు మోసిన కూలీ భూరీబాయి. భిల్లు ఆదివాసీ. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆమెతో కాగితం మీద బొమ్మలు వేయించాడు. ఆమెకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ స్వామినాథన్ మనుషులే పాటన్‌గఢ్ పల్లెలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పర్ధాన్ గోండు పిల్లవాణ్ని చూసి భోపాల్ తెచ్చారు. వాడి బొమ్మలు 1989లో పారిస్ దాకా పోయాయి. గోండు బొమ్మ అని ఇవాళ మనం చూసేదానికి దారి వేసింది అతనే. ఆ పద్ధతికి అతని పేరే పెట్టారు. కానీ 2001లో జపానులో ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి పోయి, అక్కడే ఉరి వేసుకున్నాడు. వయసు నలభైకి అటూ ఇటూ. ఇంటికి రావాలని తపించాడనీ, గడువు పొడిగించి అక్కడే ఉంచారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. నెలకు ఇచ్చింది పన్నెండు వేల రూపాయల దాకా. అతను పోయాక 2010లో అతని బొమ్మ ఒకటి న్యూయార్కులో 31 వేల డాలర్లకు పైగా పలికింది. పేరొచ్చింది, లెక్క రాలేదు.

బీహార్ మిథిల సంగతి ఇంకొకటి. మధుబని బొమ్మలంటే దేవుళ్ల బొమ్మలు, పైకులాల ఆడవాళ్ల గోడబొమ్మలు. 1970లలో దుసాధ్ అక్కలు కాగితం పట్టుకున్నారు. దుసాధ్‌లు అక్కడి అంటరాని కులం. వీళ్లు తమ ఒంటి మీది పచ్చబొట్టు గీతలనే కాగితం మీదికి తెచ్చారు. తమ వీరుడు రాజా సల్హేసును వేశారు. చానోదేవి ఆ దారి వేసినవాళ్లలో పెద్దది. దాన్నే గోద్నా పద్ధతి అంటున్నారు. పరాయి దేవుడు వద్దంటే ఒంటి మీది గీతనే బడిగా మార్చుకున్నారు. ఇది మనం నేర్చుకోవలసిన పాఠం.

ఇప్పుడు మూడో అడుగు పడుతున్నది. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోతే కాదు, తమ కాళ్ల మీద తాము, తమ కులం సంగతి దాచకుండా పోతున్నవాళ్లు వచ్చారు. నాగపూర్ నుంచి వచ్చిన సవి సావర్కర్ మెడకు ఉమ్మికుండ, నడుముకు చీపురు కట్టుకున్న మనిషిని ఎన్నో ఏళ్ల కిందటే వేశాడు. పీష్వాల పాలనలో మన మహార్ తాతలను అట్లా నడిపించారు గదా! ముంబయి విక్రోలీ నుంచి వచ్చిన విక్రాంత్ భిసే శ్రామికులను, దళిత పాంథర్లను, అంబేద్కర్ ఉద్యమాన్ని వేసి ఆ ఢిల్లీ అంగట్లోనే గోడకెక్కించాడు. పూనా నుంచి రాజ్యశ్రీ గుడీ దళితుల ఆత్మకథల్లో తిండి గురించి, ఆకలి గురించి ఉన్న మాటలను వంట పద్ధతులుగా రాసి చూపింది. ప్రభాకర్ కాంబ్లే కుండ మీద కుండ పేర్చి 2022లో బెర్లిన్ ప్రదర్శనలో నిలబెట్టాడు. కేరళలో రబ్బరు పాలు తీసే కుటుంబంలో పుట్టిన సజన్ మణి ఆ రబ్బరు పలకల మీదే తన జాతి మాట రాస్తాడు. 2021లో బెర్లిన్ ఆర్ట్ ప్రైజ్ గెలిచాడు. ఈ బహుమతి పొందిన మొదటి భారతీయుడు అతనే.

అమ్ముకోవడమా, అడగడమా?

మన మీటింగుల్లో ఈ మాటెత్తితే ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు లేస్తారు. "అన్నా, మన బాధను డబ్బున్నోడి డ్రాయింగురూములో వేలాడదీయడం ఉద్యమమా? ఆ ఇంట్లో పనిమనిషికి వేరే కప్పు ఉంటది. గోడ మీద మాత్రం మన బొమ్మ ఉంటది" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కొన్నవాడు మారాడని బొమ్మ సాక్ష్యం చెప్పదు. ఫ్యాషను మారితే రేపు ఆ బొమ్మను గోదాములో పడేస్తాడు.

కానీ తమ్ముడూ, ఒకటి అడుగుతా. మన చెప్పు అమ్ముడుపోలేదా? మన డప్పు అమ్ముడుపోలేదా? మన చెమట అమ్ముడుపోని రోజుందా? ఎప్పుడూ పేరు లేకుండా, అడ్డెడు గింజలకు అమ్ముడుపోయింది. ఇవాళ ఒక దళిత బిడ్డ తన పేరు కింద సంతకం చేసి, ఇంత ఇస్తేనే ఇస్తానని చెప్పి అమ్మితే, దాన్ని మాత్రం అమ్ముకోవడం అంటున్నామే! పెద్దింటి కళాకారుడు అమ్మితే ప్రతిభ, మనోడు అమ్మితే ద్రోహమా? పల్లె విడిచి పట్నం పొమ్మన్నాడు బాబాసాహెబ్. పట్నంలో ఈ అంగడి కూడా ఒక వీధే. ఆ వీధిలో మనం నడవొద్దా?

నడవాలి. అయితే కళ్లు తెరుచుకుని నడవాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ఆ అంగడిని చూసి మురవొద్దు, దాన్ని చూసి ఉమ్మొద్దు. మూడు ప్రశ్నలు అడగాలి. చెయ్యి ఎవరిది? పేరు ఎవరిది? పైసలు ఎవరివి? మూడింటికీ జవాబు ఒకటే మనిషి అయితే అది న్యాయం. చెయ్యి మనది, పేరు ఇంకొకడిది, పైసలు మూడోవాడివి అయితే అది పాత వెట్టే, దీపాలు మాత్రం కొత్తవి.

పైసల గురించి ఒక చట్టం ఉంది. ఎంతమందికి తెలుసు? 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1994లో సవరించి 53-ఎ అనే సెక్షను చేర్చారు. బొమ్మ పదివేలకు మించి మళ్లీ అమ్ముడుపోతే, దాన్ని వేసినవాడికి, అతను పోతే వారసులకు, వాటా అడిగే హక్కుంది. పదిశాతానికి మించకుండా వాటా. కాగితం మీద ఉన్న ఈ హక్కును అడిగి తీసుకున్నవాళ్లు అరుదు. అడగాలంటే మొదట బొమ్మ మీద పేరు ఉండాలి. మళ్లీ పేరు దగ్గరికే వచ్చాం.

మన సొంత గోడలు

మనకు బొమ్మల చరిత్ర లేదని ఎవడన్నా అంటే నమ్మొద్దు. మన మాదిగ గూడేలకు డక్కలివాళ్లు పటం పట్టుకుని వచ్చి జాంబపురాణం చెప్పేవాళ్లు. గుడ్డ మీద వరసగా వేసిన బొమ్మలు, పక్కన కిన్నెర. లోకం పుట్టకముందే జాంబవుడు పుట్టాడని, మనం ఎవరికీ తక్కువ కాదని బొమ్మ చూపించి చెప్పారు. ఆ పటానికి టిక్కెట్టు లేదు. వాడంతా కూర్చుని తెల్లవార్లూ చూసింది.

ఇవాళ్టి సంగతి చూడండి. నీలం కోటు, చేతిలో పుస్తకం, ముందుకు చాపిన వేలు. ఈ దేశంలో ఎన్ని ఊళ్లలో ఆ విగ్రహం ఉంది! 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ప్రభుత్వం 125 అడుగుల విగ్రహం నిలబెట్టింది, సంతోషం. కానీ అంతకన్నా నాకు గొప్పగా కనిపించేది, కూలినాలి జనం ఇంటికింత చందా వేసుకుని వాడ మొగదల్లో నిలబెట్టుకున్న సిమెంటు విగ్రహం. ముక్కు కొంచెం వంకరగా ఉండొచ్చు. దాని కోసం కేసులు పడ్డారు, దెబ్బలు తిన్నారు, రాత్రుళ్లు కాపలా పడుకున్నారు. ఆ ఢిల్లీ అంగట్లో బొమ్మ ఒక్కడి దగ్గరే ఉంటే విలువ. మన దగ్గర ఆ బొమ్మ అందరి దగ్గరా ఉంటేనే విలువ.

2016 జనవరిలో హైదరాబాదు యూనివర్సిటీలో రోహిత్‌ను, మరో నలుగురిని హాస్టలు నుంచి వెళ్లగొడితే వాళ్లేం చేశారు? బయట ఒక గుడారం వేసుకుని, అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి బొమ్మలు కట్టి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద అంగళ్లలో దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. మన పిల్లలకు ఆ మాట అవసరం రాలేదు. పేరు పెట్టడం చాలింది.

ఏం చెయ్యాలి

ఇప్పుడు పని సంగతి. సంఘాల నాయకులు ఈ నాలుగూ చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

ఒకటి. ప్రతి ఉన్నత పాఠశాలకూ డ్రాయింగు మాస్టరును అడగాలి. లెక్కల పంతులు లేకపోతే ధర్నా చేస్తాం, డ్రాయింగు పంతులు లేకపోతే మాట్లాడం. పెద్దింటి పిల్లలకు పట్నంలో బొమ్మల ట్యూషనుంది. మన పిల్లలకు బడి తప్ప దిక్కు లేదు.

రెండు. లోయర్, హయ్యర్ గ్రేడు డ్రాయింగు పరీక్షలుంటాయని పిల్లలకు చెప్పాలి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉందనీ, ఇంటరు తర్వాత ప్రవేశపరీక్ష రాసి నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. చదవొచ్చనీ, అక్కడ కూడా మన రిజర్వేషను ఉందనీ ప్రతి హాస్టలు గోడ మీద రాయాలి.

మూడు. తోలు పని, చాప పని, కుండ పని తెలిసిన పెద్దలు ఇంకా కొందరు బతికున్నారు. వాళ్ల పనిని, పనిముట్లను, వాళ్ల పేరుతో సహా రాసిపెట్టాలి. ఆ పనిలోకి మళ్లీ పొమ్మని నేను అనడం లేదు. పోవద్దు. కానీ ఆ తెలివి మనదని రాతకెక్కాలి.

నాలుగు. భీమ్ జయంతి నాడు మైకు సెట్టుకు పెట్టే ఖర్చులో కొంత తీసి, వాడ పిల్లల బొమ్మలు కట్టి ప్రదర్శన పెట్టాలి. ప్రతి బొమ్మ కింద వేసినవాడి పూర్తి పేరు ఉండాలి.

ఆ తల్లికి జవాబు

వారం తర్వాత నేనే వాళ్లింటికి పోయాను. దాపరికం లేకుండా చెప్పాను. "చెల్లె, బొమ్మలేస్తే బువ్వొస్తదని నేను రాసివ్వలేను. ఆ కోట్లు అందేది చాలా కొద్దిమందికి. మిగిలినోళ్లు డ్రాయింగు పంతుళ్లవుతరు, పుస్తకాలకు బొమ్మలేస్తరు, సినిమాలల్ల, కంప్యూటర్ బొమ్మలల్ల పనిచేస్తరు. బోర్డులు రాసెటోళ్ల పొట్టమీద ఫ్లెక్సీ కొట్టింది నువ్వు చూసినవు. కష్టం ఉంటది. కానీ పిల్లగాని చేతుల తెలివున్నది. గురుకులంల ఇంటరు చదవనీ, పక్కనే డ్రాయింగు పరీక్ష రాయనీ, తర్వాత ఎంట్రెన్సు రాయిద్దాం. రాకపోతే డిగ్రీ ఎటూ పోదు. ఫీజు సంగతి సంఘం చూస్తది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ల తాత కూడ పని మంచిగ చేస్తుండె సారూ. పేరే లేకపాయె" అన్నది. నేను వారం రోజులు పుస్తకాలు తిరగేసి పట్టుకున్న మాటను ఆమె గడప మీద కూర్చుని ఒక్క ముక్కలో చెప్పింది.

పిల్లగాడు లోపల్నుంచి ఒక కాగితం తెచ్చి చూపించాడు. తాత ఆరె, రంపె, గూటం, పక్కన సగం కుట్టిన చెప్పు. పెన్సిలు గీతలే గానీ ఆరె మొనకు చెయ్యి తగిలితే గుచ్చుకునేటట్టు ఉంది. కింద పేరు లేదు. రాయమన్నాను. సిగ్గుపడుతూ మూలకు చిన్నగా రాశాడు. పెద్దగా రాయమన్నాను. రాశాడు. దాని పక్కనే తాత పేరు కూడా రాయమన్నాను.

ఆ కాగితం ఇప్పుడు మా బడి వరండాలో, తనిఖీకి వచ్చినవాళ్లకు మొదట కనపడేచోట ఉంది.

జై భీమ్!